ఎంగిలి వైరు

అరవై నాలుగోసారి ఓబులేసు వైరు పీకాడు. పీకి, మళ్ళీ దూర్చాడు. కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ చుక్క ఆరిపోయి వెలిగింది.

"అరవై నాలుగు. బాగుండాది," అన్నాడు.

పక్క కుర్చీలో రేఖ తలెత్తకుండానే కాగితం మీద టిక్కు పెట్టింది.

మదనపల్లెలో మందుల షాపు మీద ఒకటే గది. కింద నుంచి టమోటా లారీల హారన్లు, పైన రేకుల వేడి. ఓబులేసుకు యాభై ఒకటి. ఎండిన చింతబరికె లాంటి ఒళ్ళు, చెవి దగ్గర దారంతో కట్టిన కళ్ళద్దాలు. ఐదేళ్ళుగా వైరు పీకీ పీకీ కుడి బొటనవేలు గోరు ఒక పక్కకి అరిగిపోయింది. వైరు మూతి దగ్గర వేలు జారకుండా పాత దోమతెర గుడ్డ చుట్టి, పైన నల్ల టేపు వేసుకున్నాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి కంపెనీలో దొరికిన కుర్చీ అది. పేరుకు టెస్టింగు. పని మాత్రం పీకుడు.

పాలకేంద్రాల్లో వెన్నశాతం చూసే మిషన్లుంటాయి. ఆ మిషను మాట కంప్యూటరుకు అందించే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పాలు చూడ్డం అయిపోగానే మిషను బీప్‌మని పిలుస్తుంది. కంప్యూటరు ఏ పనిలో ఉన్నా ఆపి, ఆ పిలుపు అందుకుని, అంకె తీసుకోవాలి. దాన్ని రేఖ ఇంటరప్టు అంటుంది. నడుస్తుండగా వైరు పీకినా పెట్టినా తికమక పడకపోవడం హాట్‌ప్లగ్. రాసినవాడు బెంగుళూరులో ఏసీ గదిలో ఉంటాడు. వాడు పాలకేంద్రం మొహం కూడా చూసుండడు. ఈ రెండూ సరిగా రాశాడా లేదా అన్నది ఇవాళ చూడాలి. రేఖ రాత చదువుతుంది. ఓబులేసు పీకుతాడు. సరే అనుకుంటే రేపు కుప్పం వైపు రెండు వందల కేంద్రాలకు పోతుంది. రేఖది కుప్పమే. అందుకేనేమో ఒక్కో వరుసను బియ్యంలో రాళ్ళేరినట్టు చదువుతోంది.

గది మూలలో విప్పని అట్టపెట్టె ఒకటుంది. నిన్న వచ్చింది. వైరును దానంతటదే పీకి పెట్టే మిషను. దాని గురించి ఎవరూ ఓబులేసుతో ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

"అరవై ఐదు," అని చెయ్యి చాపి ఆగిపోయాడు. పొద్దుట్నుంచీ వాడి మనసు వైరు మీద లేదు. పుంగనూరు అవతల ఒక పల్లెలో పాపక్క అనే ఆమె తొమ్మిదేళ్ళుగా పాలకేంద్రం నడుపుతోంది. నాలుగు రోజుల కింద గోపాలప్ప ఎనుము పాలకు, గేదె పాలకు పడాల్సిన పెద్ద అంకె పోయి, ఆవు అంకె పడింది. ఆ ముందురోజు పాపక్క తోటికోడలు చిన్నక్క ఆవు పాలకు ఎనుము అంకె పడింది. ఇంకేం కావాలి? దొంగన్నారు. ఇవాళ సాయంత్రం ఐదింటికి డెయిరీ సూపర్‌వైజరు అమర్‌నాథ్ వచ్చి ఆమె దగ్గర తాళంచెవి తీసుకుంటాడు.

దొంగ అన్న మాట బరువు ఓబులేసుకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట ఈ ఊరి టమోటా మండీలో కాటా దగ్గర నిలబడేవాడు. కొత్తగా వచ్చిన కరెంటు కాటా ఒకరోజు రెండు కిలోలు తక్కువ చూపించింది. కాటాను ఎవరూ విప్పలేదు. మనిషిని విప్పారు. అందరి ముందు చొక్కా జేబులు తిప్పి చూశారు. ఆ రోజు నుంచి వాడు దొంగతూకం ఓబులేసు. ఆ పేరు మొయ్యలేక పెళ్ళాం ప్రమీలను రామసముద్రం దగ్గర పుట్టింట్లో వదిలాడు. ఆమె అక్కడే ఆవుల్ని పెట్టుకుని బతుకుతోంది. వాడు ఇక్కడ అద్దె గదిలో ఉండి, ఆదివారం చుట్టంలాగా పోయొస్తున్నాడు. ఆ కాటా ఏ పాతసామాన్ల కొట్లో కరిగిపోయిందో.

"అన్నా, ఏమైంది?" అంది రేఖ.

"పోయిన వారం ముందుగా ఒక్కచోట ఈ డ్రైవరు ఎక్కించి, వైరు మార్చేదానికి పాపక్క కాడికి పోయింటి కదమ్మా. ఆయమ్మ ఒక పని చేస్తాది. ఒకరి పాలు చూడంగానే గొట్టం కడుగుతాది. కడిగి, వైరు కూడా పీకి పెడతాది."

"వైరెందుకు?"

"ఎంగిలంట. ముందోళ్ళ పాలు తాకిన వైరు వెనకోళ్ళకి పెట్టకూడదంట. నేను కూడా నవ్వితి."

రేఖ నవ్వలేదు. "మనం కూడా పీకుతున్నాం కదా. అరవై నాలుగుసార్లు బాగానే వచ్చింది."

"మనం అంకె పడినంక మూడు లెక్కబెట్టి పీకుతాండాము. బెంగుళూరోడు రాసిన పద్ధతి అది. పాపక్క మూడు లెక్కబెట్టదమ్మా. ఎనక ఇరవై మంది బిందెలు పట్టుకొని నిలబడుంటారు. బీప్ అనంగానే పీకేస్తాది."

రేఖ పెన్ను కింద పెట్టింది.

ఫ్రిజ్జులోంచి ఎనుము పాలు, ఆవు పాలు రెండు సీసాలు తెచ్చారు. ముందు ఎనుము పాలు పెట్టారు. నలభై సెకన్లు. బీప్. ఆరు పాయింట్ ఎనిమిది అని తెర మీద పడింది. పడీ పడగానే ఓబులేసు పీకాడు. మళ్ళీ దూర్చాడు. గొట్టం కడిగి ఆవు పాలు పెట్టారు. బీప్.

ఆరు పాయింట్ ఎనిమిది.

రేఖ కుర్చీలోంచి లేచింది. ఓబులేసు లేవలేదు. వైరు పట్టుకుని తెర వైపే చూస్తున్నాడు.

ఆమె రాతలో వెనక్కి వెనక్కి పోయి ఒకచోట వేలు పెట్టింది. "డ్రైవరు అంకె తీసుకుంది అన్నా. అందిందని మిషనుకు బదులు చెప్పేలోపే వైరు ఊడిపోయింది. అందుకని అది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు అనుకుని చేతిలోనే పెట్టుకుంది. మళ్ళీ వైరు పెట్టగానే తర్వాతి మనిషికి ఇచ్చేసింది."

"ఇప్పుడేం చేస్తావు?"

"వైరు ఊడితే చేతిలో ఉన్నదంతా పారేయమని రాస్తా."

"అంటే వైరు ఊడినప్పుడల్లా ఎంగిలి కడుగుతాదా?"

రేఖ ఒక్క క్షణం చూసి, "అంతే అన్నా," అంది.

ఓనరు భానుప్రకాశ్ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. "ఎవరో పల్లెటూరామె ఎంగిలి అంటే డ్రైవరు మార్చాలా? వైరు పీకరాదని బోర్డు పెట్టించండి, చాలు," అన్నాడు.

ఓబులేసు ఐదేళ్ళలో ఆయనకు ఎదురు మాట్లాడింది లేదు. "బోర్డు పెడితే పీకేది ఆగుతాది సార్. ఆయమ్మను దొంగన్న మాట ఎట్ట పోతాది?" అన్నాడు.

భానుప్రకాశ్ మూలనున్న అట్టపెట్టె వైపు చూశాడు. వెంటనే చూపు మరల్చుకున్నాడు. "పోయి రండి. ఈ పూటకి," అన్నాడు.

రేఖ నాలుగు వరుసలు రాసింది. మధ్యాహ్నం రెండు గంటలదాకా ఓబులేసు బీప్ అన్న మరుక్షణమే పీకుతూ పోయాడు. ఒక్క అంకె కూడా వెనక మిగల్లేదు. పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వైరును చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు, బడికి పోయే పిల్లాడి క్యారియరు లాగా.

వాళ్ళు ఆటో దిగేసరికి కేంద్రం ముందు ముప్పై మంది ఉన్నారు. పాపక్క గడప మీద కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళ మనిషి, మోచేతుల దాకా పాలవాసన, కొంగుకు ముడేసిన తాళంచెవి. అమర్‌నాథ్ బైకు దిగి హెల్మెట్ ఇంకా తియ్యలేదు.

"ఏమప్పా, కొత్త వైరు తెస్తివా? నాకు యాల ఇంక? వచ్చే ఆయమ్మకియ్యి," అంది పాపక్క.

"నువ్వే తీసుకుందువులే. గోపాలప్పా, నీ పాలు తీసుకురా. చిన్నక్కా, నువ్వూ రా," అన్నాడు ఓబులేసు.

"మళ్ళీ నా పాలేనా? నా ఎనుమును ఆవును చేసింది చాలదా?" అన్నాడు గోపాలప్ప. జనం నవ్వారు. పాపక్క నవ్వలేదు.

ముందు పాత ప్రోగ్రాము మీదే పెట్టారు. చిన్నక్క ఆవు పాలు: మూడు పాయింట్ ఏడు. "ఇప్పుడు నువ్వు రోజూ చేసినట్టే చెయ్యి పాపక్కా," అన్నాడు ఓబులేసు. ఆమె వైరు పీకి పెట్టింది. గోపాలప్ప పాలు పెట్టింది. తెర మీద మూడు పాయింట్ ఏడు. జనంలో గుసగుస మొదలైంది. గోపాలప్ప తువ్వాలు భుజం మీంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు.

తర్వాత రేఖ కొత్తది ఎక్కించింది. అవే పాలు, అదే చెయ్యి, అదే పీకుడు. చిన్నక్కకు మూడు పాయింట్ ఏడు. గోపాలప్పకు ఏడు పాయింట్ ఒకటి. అమర్‌నాథ్ హెల్మెట్ తీశాడు. తనే ఇంకోసారి చేసి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"తప్పు మిషన్‌ది. పాపక్కది కాదు," అన్నాడు, అందరికీ వినబడేలా.

ఆ మాట ఓబులేసు చెవిలో పడి లోపలికి దిగింది. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మాట. వేరేవాళ్ళ గురించైతేనేం, ఒక్కసారి ఒకరి నోట్లోంచి ఊడిపడింది. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఇన్నేళ్ళుగా అరకొరగానే పీల్చుకుంటున్నానని అప్పుడు తెలిసింది వాడికి.

"నేనన్న మాట నేనే మింగుతానమ్మా," అన్నాడు గోపాలప్ప.

"మింగే ముందు కడుక్కోని మింగు, ఎంగిలి," అంది పాపక్క. ఈసారి తనే మొదట నవ్వి, కళ్ళు కొంగుతో తుడుచుకుంది. తాళంచెవి ఆ కొంగుకే ఉంది.

"ఇంక వైరు పీకొద్దా అప్పా?"

"నీ ఇష్టం వచ్చినప్పుడు పీకు. అది కడుక్కుంటాదిలే."

వారం రోజుల పీకుడికే ఆమె వైరు మూతి వదులైపోయి ఉంది. ఓబులేసు దాన్ని తీసేసి, తన వైరు పెట్టాడు. రేఖ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ, "పోదామా అన్నా? ఆరున్నర బస్సుంది," అంది.

"నువ్వు పోమ్మా. నేను పుంగనూరులో రామసముద్రం బస్సెక్కుతా."

"ఇవాళ ఆదివారం కాదే?"

"కాదు."

రేఖకు అర్థమైంది. "ఆ పెట్టెలో ఉండేది బీప్ అనంగానే పీకాలని తెలిసిన మిషను కాదన్నా. నేను సార్‌తో మాట్లాడతా."

"నువ్వు నేర్పించు దానికి. నాకు చాలమ్మా ఈడికి." గొంతులో చేదు వెతుక్కున్నాడు, అలవాటు కొద్దీ. దొరకలేదు. "ప్రమీల ఒకతే నాలుగావుల్ని పిండుకుంటాంది. నా చేతులు దానికి పనికొస్తాయేమో సూస్తా."

ఆటోలో డ్రైవరు పక్కన ఒక పిర్ర మీద కూర్చుని పోయాడు. చేతుల్లో ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

కేంద్రంలో పాపక్క ఆఖరి బిందె కొలిచి, గొట్టం కడిగింది. వైరు పీకి మేకుకు తగిలించింది. నల్ల టేపు మీద, బొటనవేలు ఆనేచోట, ఒక పక్కకి అరిగిన చిన్న గుంట ఇంకా నునుపుగా మెరుస్తోంది.