ముందు మోక్షిత, వెనక మూట

కూతురికి మోక్షిత అని పేరు పెట్టుకున్న రోజు నుంచీ వకుళకు మోక్షం లేదు. "పిలిచినప్పుడల్లా పుణ్యం" అని మొగుడు మాధవ్ ముచ్చటపడి పెట్టిన పేరది. పిలుపులన్నీ వకుళవి, పుణ్యమంతా ఆయనది. చంటిపిల్ల ఉన్న ఇంట్లో కునుకంటే కొండ మీద దర్శనం లాంటిది. గంటలకొద్దీ కాచుకోవాలి, దొరికేది రెప్పపాటు, ఆ రెప్ప పూర్తిగా వాలకముందే ఎవరో ఒకరు "జరగండి, జరగండి" అని తోసేస్తారు. వకుళ ఇంట్లో ఆ తోసే ఉద్యోగం మోక్షితది. ఆ ఉద్యోగానికి సెలవుల్లేవు.

సెలవుల్లేనిది మోక్షితకే. వకుళకైతే ఉన్న కాన్పు సెలవు కాస్తా అయిపోయింది. ఆమె శ్రీకాళహస్తిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు, కాపురం తిరుపతిలో. అత్త కల్యాణవల్లికి నడుము నొప్పి, బరువెత్తకూడదని డాక్టరు చెప్పినాడు. పిల్లల్ని చూసుకునే బేబీ కేర్ ఒకటి బడి పక్క సందులో ఉంది కాబట్టి, నోట్లో పళ్ళైనా సరిగ్గా రాని మోక్షిత కూడా తల్లితోపాటు రోజూ బస్సెక్కి కాళహస్తికి పోయి వస్తోంది.

పొద్దున బస్టాండులో వకుళను చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. సంకలో పిల్ల, భుజాన సంచి, చేతిలో గొడుగు. సంక, సంచి, సంకటం. సంచిలో దిద్దాల్సిన పేపర్లు, టిఫిన్ డబ్బా, పాలసీసా, రాగిజావ ఫ్లాస్కు, పిల్ల గుడ్డలు. ఆడవాళ్ళకు బస్సు టికెట్టు ఉచితమైనాక సీటు అపురూపమైపోయింది. రేణిగుంట దాకా ఒంటికాలి మీద తపస్సు చేస్తే ఏర్పేడు దగ్గర ఎవరో ఒకరు కరుణించి, "కూసోమ్మా, బిడ్డతల్లివి" అని జరిగేవాళ్ళు. కూర్చోగానే మోక్షిత లేచేది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నడవలోనే కూలబడింది వకుళ.

"బావా, నావల్ల కాదు. ఈ నెలాఖరికి బడి మానేస్తా."

మాధవ్ ఆమెకు మొగుడు కాకముందు మేనత్త కొడుకు. లాగూలు వేసుకున్నప్పటి నుంచీ తెలిసినవాడు. ఆమె ఊరికే బెదిరిస్తే గొంతు పెరుగుతుందనీ, నిజంగా అంటే గొంతు తగ్గుతుందనీ ఎరుగును. ఆ రోజు గొంతు బాగా తగ్గింది.

"మానేస్తే మానేయ్‌లే అమ్మాయ్" అంది లోపల్నించి కల్యాణవల్లి. "ఆ లెక్కలు ఇంట్లోనే చెప్పుకోవచ్చు. ట్యూషను."

లెక్కలు వకుళకు జీతం కోసం చేసే పని మాత్రమే కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు బీజగణితమంటే బిక్కమొహం వేసుకొని కూర్చుంటే, ఒక్కో మొహం విచ్చుకునే క్షణం ఒకటుంటుంది. రోజంతటిలో ఆమెను ఎవరూ పట్టుకొని లాగని క్షణం అదొక్కటే. అది కూడా వదిలేస్తానని ఈ రోజు ఆమె నోటితో ఆమే అన్నది.

"కొంచెం ఆగు వకుళా" అన్నాడు మాధవ్. "నీ ఇబ్బంది పిల్ల కాదు, బడి కాదు. మోసే పద్ధతి. పిల్ల ఒకపక్క లాగతాది, సంచి ఇంకోపక్క. రెండూ ఒకటే చేసేస్తే? ఉయ్యాలా, బ్యాగూ కలిపి ఒకటే. నేను తయారు చేయిస్తా. అది నచ్చకపోతే అప్పుడు మానేయ్."

మాధవ్ ఒక ట్రస్టు ఆఫీసులో గుమాస్తా. ఫైళ్ళు మోయించడమే తప్ప తాను మోసిన అనుభవం లేనివాడు. అయినా మనసు పెట్టినాడు. పాత క్యాలెండరు కాగితాల వెనకంతా బొమ్మలు గీసినాడు. అన్నం తింటూ గీసినాడు, ఫోను మాట్లాడుతూ గీసినాడు. "ఈ బ్యాగు బాగుపడితే మనమూ బాగుపడతాం" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. నవ్వే ఓపిక వకుళకు లేదు. అయినా ఆ కాగితాల మీద మొగుడు వంచిన తలను చూస్తే కొంచెం ముచ్చటేసింది. తన కోసం ఎవరో ఏదో ఆలోచిస్తా ఉన్నారు, అదే పదివేలు.

నాయబ్ రసూల్ బ్యాగుల షాపు వాళ్ళ వీధి చివరనే. బడిపిల్లల సంచులకు జిప్పులు వేసీ వేసీ వేళ్ళు కాయలు కాచిన మనిషి. బొమ్మను తిప్పి తిప్పి చూసినాడు.

"మాధవ్ సామీ, ఇది సంచా, సవారీనా?"

"రెండూ రసూల్ భాయ్. కింద బ్యాగు, పైన పిల్ల. వీపు మీద దర్జాగా కూర్చుంటాది."

"కుట్టేదానికేముంది, కుట్టేస్తా. రామ్మా, కొలతలిద్దువు."

భుజం నుంచి నడుముకూ, నడుము చుట్టూ వకుళకు టేపు పెట్టి కొలిచింది రసూల్ భార్య ఆయిషా బీ. "నడుమెట్లుండాది బిడ్డా?" అని కూడా అడిగింది. "ఉండాదో లేదో తెలీడంలా" అంది వకుళ.

సంచి వచ్చింది. ముదురాకుపచ్చ గుడ్డ, మెత్తటి పట్టీలు, కింద పేపర్లకు అర, దాని మీద మోక్షితకు దిండు వేసిన పీట. ఇంట్లో బియ్యం మూటను కూర్చోబెట్టి పరీక్ష చేసినారు. బియ్యం మూట కిక్కురుమనలేదు. పరీక్ష పాసైందని మాధవ్ మురిసిపోయినాడు. బియ్యానికి కాళ్ళుండవన్న సంగతి ఎవరికీ తోచలేదు.

మర్నాడు బస్సులో ఆ కాళ్ళ కథ మొదలైంది. వీపు మీద పిల్ల ఉత్సాహంగా కాళ్ళాడిస్తోంది. ఆడించిన ప్రతిసారీ మడమలు పోయి తగిలేది కింద అరలో ఉన్న పుస్తకాలకు. పుస్తకానికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోకుండా ఉండలేని చెయ్యి వకుళది. చిన్నప్పటి నుంచీ అలవాటు, ఆలోచించి చేసేది కాదు. టక్కుమని తన్నింది పిల్ల. వకుళ చెయ్యి వెనక్కి పోయి, సంచిని తాకి, కళ్ళ దగ్గరికి వచ్చింది. మళ్ళీ తన్ను, మళ్ళీ దండం. బస్సు కుదుపులో ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, ఇంకో చేత్తో ఆపకుండా అపరాధం చెల్లించుకుంటోంది.

వెనక నిలబడిన ముసలామెకు అది చూసి మనసాగలేదు. "అయ్యో తల్లీ, సరస్వతిని తంతా ఉండాదే! నువ్వు కమ్మీ పట్టుకో, నేను మొక్కుతాలే" అని ఆమె అందుకుంది. పిల్ల తన్నినప్పుడల్లా ఆమె కళ్ళకద్దుకుంటుంటే, ఇదేదో ఆట అనుకొని మోక్షిత ఇంకా గట్టిగా తన్నింది.

"ఏందమ్మా ఆ మొక్కులు? బస్సులో సామి యాడుండాడు?" అన్నాడు కండక్టరు, జనంలోంచి దారి చేసుకుంటూ.

"సామి కాదు నాయనా, సంచి!"

"సంచికి మొక్కేదేంది! సిత్రం సూడు!"

బడి చేరేసరికి వకుళ చెయ్యి లాగేసింది. ఇంటికొచ్చి చెప్తే కల్యాణవల్లి చెంపలేసుకుంది. "పుస్తకాలు తీసి అన్నం డబ్బా పెట్టు" అన్నాడు మాధవ్. "అన్నం మీద పిల్లను కూర్చోబెడతావట్రా!" అని చెంపలేసుకున్న చెయ్యి ఈసారి కొడుకు వైపు తిరగబోయింది.

సంచి మళ్ళీ రసూల్ దగ్గరికి పోయింది. ఈసారి పిల్ల ముందుకొచ్చింది, అరలన్నీ వెనక్కి పోయినాయి. రెంటినీ భుజాల మీదుగా ఒకే పట్టీ కలిపింది. పిల్ల కాళ్ళు గాల్లో, పుస్తకాలు వీపు మీద, ఎవరి మర్యాద వాళ్ళకు దక్కింది. జోల పాడాల్సిన పని కూడా లేదు, జోలెలో పడితే చాలు మోక్షిత నిద్రపోయేది. నిజం చెప్పాలంటే బ్యాగు బహు బాగు. బస్సులో ఆడవాళ్ళు పట్టి చూసి, యాడ కుట్టించినావని అడిగినారు. బరువు రెండు భుజాల మీదా సమంగా పడింది. వకుళకు రెండు చేతులూ ఖాళీ.

ఆ ఖాళీయే కొంప ముంచింది.

"వకుళా, చేతులు ఖాళీగానే ఉండాయి కదా, ఆ ఇస్త్రీ బట్టలు బండాయన దగ్గర పడేసి పో" అన్నాడు మాధవ్ మొదటి వారం.

"ఖాళీగానే కదా అమ్మాయ్ వచ్చేది, కాళహస్తిలో వంకాయలు లేతగా ఉంటాయి, తీసుకురా" అంది అత్త.

బడిలో హెడ్మాస్టరు కూడా కళ్ళజోడు సర్దుకొని, "మేడమ్, మీకు చేతులు ఫ్రీ కదా, తొమ్మిదో తరగతి పేపర్లు కూడా మీరే తీసుకెళ్ళండి" అన్నాడు. కుట్టింది రసూల్ అయితే, కుట్ర చేసింది ఆ ఖాళీ అనే మాట. ముందు మోక్షిత, వెనక మూట, కుడిచేత వంకాయలు, ఎడమచేత ఇస్త్రీ మడతలు. సంకలో పిల్లను పెట్టుకున్న రోజుల్లో కనీసం ఎవరైనా జాలిపడి జరిగేవాళ్ళు. ఇప్పుడు, "నీకేమ్మా, అన్నీ అమర్చుకున్నావు, హాయిగా నిలబడు" అంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయినాక మాధవ్ కొత్త కాగితం తీసినాడు. "గొడుగుకు కూడా ఒక గొట్టం పెట్టిద్దామా?"

వకుళ ఎంగిలి గిన్నెలు దింపి గోడకు ఆనుకుంది.

"వద్దు బావా. రేపు సార్‌కి చెప్పేస్తా, మానేస్తానని."

మాధవ్ పెన్సిలు ఆగిపోయింది. "ఏమైందిప్పుడు? బ్యాగులో ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలా. అన్నీ ఎక్కువే."

"భుజం నొప్పా?"

"కాదు."

"మరేంది?"

ఆమె చిలక్కొయ్య మీది సంచి దించి చేతికిచ్చింది. "ఏసుకో."

మాధవ్ నవ్వుతూ వేసుకోబోయినాడు. పట్టీలు చంకల్లో ఇరుక్కున్నాయి. ఛాతీ దగ్గర కొక్కేలు రెండూ ఎదురెదురుగా నిలబడినాయి గానీ కలవలేదు. ఊపిరి బిగబట్టినాడు, పొట్ట లోపలికి లాగినాడు. పట్టీ పట్టలేదు.

"రసూల్ భాయ్ యాడో తప్పు కుట్టినాడు."

"తప్పు కాదు బావా. నా కొలతకు సరిగ్గా కుట్టినాడు. నీ కొలత ఇచ్చినావా?"

వకుళ అతని క్యాలెండరు కాగితాలను ఒక్కొక్కటే నేల మీద పరిచింది. ముందునుంచి గీసినవి, పక్కనుంచి గీసినవి, బస్సులో నిలబడినట్టు గీసినవి. అన్నింట్లోనూ మనిషికి జడ ఉంది.

"ఇన్ని గీసినావే, ఒక్కదాంట్లో కూడా నువ్వు లేవు. ఇద్దరి బరువు ఒకరే మోసేదానికి ఇంత చక్కగా ఎవరూ గీయలేరు బావా. నిజంగా బాగుండాది. అందుకే ఏడుపొస్తా ఉండాది."

మాధవ్ చంకల్లోంచి పట్టీలు పీక్కున్నాడు.

"మీ ఆఫీసు వెనక వీధిలో బేబీ కేర్ ఉండాది" అంది వకుళ. "మొన్న ఆ పక్కగా పోతా చూసినా. నీకు తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలా?"

"నువ్వు అడగలా..." అని, ఆ మాట తనకే రుచించక, తల దించుకున్నాడు. "అప్పుడు పాలు తాగే పిల్ల కదా, నీ దగ్గరే ఉండాల అనుకున్నా."

"ఇప్పుడు రాగిజావ తాగతా ఉండాది. ఫ్లాస్కు ఎవరు పట్టుకున్నా దిగతాది."

"ఆఫీసోళ్ళంతా చూస్తారే వకుళా, పొట్ట మీద పిల్లను కట్టుకొని పోతే."

"నన్ను ఆర్టీసీ బస్సంతా చూస్తా ఉండాది."

కల్యాణవల్లి నడుము పట్టుకొని గుమ్మం దాకా వచ్చింది. "మగపిల్లోడు వీధిలో పిల్లను మోసుకొని పోతే ఏం బాగుంటాదే?"

"వసుదేవుడు మోయలేదా అత్తా? యమునలో దిగి, గంపలో పెట్టుకొని?"

"అది ఒక్క రాత్రే కదమ్మా!"

ఆ మాట అనేసి, తానే ఏమన్నదో తనకే వినబడినట్టు, ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వకుళకు నవ్వొచ్చింది. నవ్వితే కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. అవి నవ్వు నీళ్ళో, అలసట నీళ్ళో తేల్చుకునే ఓపిక లేక కొంగుతో తుడిచేసుకుంది.

సాయంత్రం మాధవ్ సంచి చంకన పెట్టుకొని రసూల్ దగ్గరికి పోయినాడు. టేపు ఈసారి అతని చుట్టూ తిరిగింది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి రసూల్ గుడ్డ సరిపోతుందా అని చూసుకున్నాడు. "పట్టీ పొడుగు చేసేది కాదు సామీ, మొత్తం మార్చాల. రేపు కాదు, ఎల్లుండి రా." పరవాలేదులే, ఎల్లుండి నుంచీ మోస్తానని ఇంటికొచ్చి మాధవ్ చెప్తే వకుళ ఒప్పుకోలేదు. సంచి లేనప్పుడు తాను మోసింది ఎట్లా అని కూడా అడగలేదు. తెల్లారగానే పిల్లను అందించిందంతే.

సోమవారం పొద్దున వకుళ పేపర్ల సంచి ఒక్కటే తగిలించుకొని బస్సెక్కింది. ఖాళీ అయిన సంక ఏదో మరిచిపోయినట్టు ఉంది. రెండుసార్లు తడుముకుంది. రేణిగుంట దాటినాక సీటు దొరికింది. సార్‌కి చెప్పాల్సిన మాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని రాత్రంతా అనుకున్నదో, ఇప్పుడది గుర్తుకు రావడం లేదు. గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు. కళ్ళు మూతలు పడుతుంటే ఫోను మోగింది.

మాధవ్ గొంతు వెనక మోక్షిత గొంతు, దాని వెనక వీధంతా.

"వకుళా! బేబీ కేర్‌కి పోయే దారిలో ఉండా. ఒకటే ఏడుపు! పాలిచ్చినా తాగడంలా, బొమ్మ ఇచ్చినా విసిరేసింది. ఆఫీసు మునిరామయ్య ఎదురొచ్చి ఒకటే నవ్వు. భుజం లాగేస్తా ఉండాది. చెయ్యి మార్చుకుందామంటే ఇంకో చేతిలో ఫ్లాస్కు, ఫోను చెవికీ భుజానికీ మధ్య. ఏం చేయాల?"

"నిలబడి మాట్లాడతా ఉండావా?"

"ఆ."

"నడువు. ఆగితే ఏడుస్తాది."

"ఎంతసేపు నడవాల?"

వకుళ కిటికీకి తల ఆనించింది. ఏర్పేడు ఇంకా రాలేదు.

"నడస్తా ఉండు బావా" అంది, కళ్ళు మూసుకొని.