బోగ్నా కట్టిన సమాధి

లుబ్లిన్ నగరంలోని విద్యార్థుల చర్చిలో ఏటా పవిత్ర శుక్రవారానికి ప్రభువు సమాధి కడతారు. లోపల క్రీస్తు విగ్రహాన్ని పడుకోబెడతారు. దానికి పైన, దివ్య సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టె, ఉంచిన పాత్రను తెల్లటి పల్చని ముసుగు వేసి నిలబెడతారు. ఈస్టరు తెల్లవారేదాకా జనం వచ్చి దాని ముందు మోకరిస్తారు. రాళ్ళ రంగు వేసిన అట్టలు, పూలకుండీలు ఏటా అవే. ఈసారి ఫాదర్ క్సవేరి ఆ పనిని శిల్పకళ మూడో ఏడు చదువుతున్న బోగ్నాకు అప్పగించారు.

బోగ్నా హాస్టల్ వాళ్ళు పారేసిన ఇనుప మంచం తెచ్చింది. దాని మీద పడుకోబెట్టే విగ్రహాన్ని తనే చేసింది. ప్రొఫెసర్ హల్ష్కా దాన్ని సెమిస్టర్ పనిగా ఒప్పుకున్నారు. శనివారం వచ్చి చూసి మార్కు వేస్తానన్నారు. బోగ్నా దగ్గర చూపించడానికి వేరే పని లేదు.

"ఫెయిలైతే వచ్చే క్రిస్మస్‌కి పశువులపాక కట్టుకుందువులే," అన్నాడు టిమోన్. అతను క్లాస్‌మేట్. వెల్డింగ్ పని అతనిది. దేవుణ్ణి నమ్మడు.

"కడతా. గాడిదకి మోడల్ కూడా దొరికాడు."

గురువారం మధ్యాహ్నం ఫాదర్ వచ్చి మంచం చుట్టూ తిరిగారు.

"ముఖం బాగా కుదిరిందమ్మాయ్. మరి పాత్ర ఎక్కడ పెట్టను?"

బోగ్నా తను గీసిన నమూనా తీసి చూసింది. మంచం ఉంది, దుప్పటి ఉంది, దీపం ఉంది. పాత్రకు చోటు లేదు. చిన్నప్పటినుంచీ ఏటా దాని ముందు మోకరించిన పిల్ల అది.

పాత్ర బరువు ఆపగలిగింది మంచం తలవైపు ఇనుప కాలు ఒక్కటే. దానికి పీఠం అతికితే ముసుగు కిందికి జారి విగ్రహం ముఖాన్ని కప్పేస్తుంది.

"ముసుగు కత్తిరిద్దాం," అన్నాడు టిమోన్.

"అది నీ చొక్కా కాదు బాబూ," అన్నారు ఫాదర్. తర్వాత బోగ్నా వైపు తిరిగారు. "నీ చదువు సంగతి నాకు తెలుసు. ఈ ఒక్కసారికి పాత్రను పక్కనున్న బలిపీఠం మీద పెడదాం. ఎవరూ ఏమీ అనరు."

"అప్పుడు జనం అటు తిరిగి మోకరిస్తారు ఫాదర్. నాది ఫర్నిచర్ అవుతుంది." ఆమె టిమోన్‌కు ఇనుప కాలు చూపించింది. "ఇక్కడ అతుకు."

"నువ్వు చేసిన ముఖాన్ని నువ్వే కప్పేస్తున్నావు. మేడమ్ సున్నా చుడుతుంది."

"చుట్టనీ. నువ్వు వంకరగా అతక్కు, అంతే."

శనివారం ప్రొఫెసర్ హల్ష్కా వచ్చేసరికి చర్చి నిండి ఉంది. ఈస్టరు భోజనానికి గుడ్లు, రొట్టె, సాసేజీలు పెట్టిన బుట్టలకు ఫాదర్ చేత ఆశీర్వాదం చేయించుకుని జనం సమాధి దగ్గరికి వస్తున్నారు. ఏటా ఆనవాయితీగా, అటూ ఇటూ ఇద్దరు అగ్నిమాపక దళంవాళ్ళు హెల్మెట్లతో కాపలా నిలబడ్డారు.

"ముఖం ఏది?" అన్నారు ప్రొఫెసర్.

"ముసుగు వెనక ఉంది మేడమ్."

"కనపడనిదానికి మార్కు ఎలా వెయ్యను?"

"కనపడేదానికి వెయ్యండి. ముసుగు ఎక్కడిదాకా పడాలో కూడా నేనే నిర్ణయించాను."

ప్రొఫెసర్ స్తంభం పక్కకు వెళ్ళి నిలబడ్డారు. ఒక కుటుంబం వచ్చి బుట్ట నేలమీద పెట్టి మోకరించింది. వాళ్ళ చూపు ముందు మంచం మీద పడి, దుప్పటి వెంబడి పాకి, ముసుగు పట్టుకుని పైకి, పాత్ర దాకా వెళ్ళింది. తర్వాత వచ్చినవాళ్ళూ అలాగే చూశారు. ప్రొఫెసర్ చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు.

"ఐదుకి నాలుగు," అన్నారు తిరిగొచ్చి. "పాత మంచానికి కొత్త రంగు వేసి చెడగొట్టావు."

"రంగు టిమోన్ వేశాడు మేడమ్. నాకు ఐదు రావాలి."

"ఆపకపోవడం నీ తప్పు. నాలుగున్నర."

బోగ్నా సరేనంది.