తొమ్మిదేండ్ల అతుకు

టీ తాగి గ్లాసు కింద పెట్టగానే ముస్తాక్ పట్టుపోగు ఒకటి తుంచి, నడుముకు ఆనించి, భార్య చేతికిస్తాడు. దిల్షాద్ వేళ్లకు బూడిద అద్దుకొని, మగ్గం మీద పడుగు దారాలు అతికినట్టే దాని కొసను తన మణికట్టు మీది పోగుకు నలిపి కలుపుతుంది. అంతే, అతని నడుంనొప్పి ఆమె నడుముకు వచ్చేస్తుంది. అతను గుంతలోకి కాళ్లు దించి మగ్గం ముందు కూర్చుంటాడు. ఆమె గోడ పట్టుకొని వంటింట్లోకి పోతుంది.

ధర్మవరంలో ఆ వీధి అంతా అంతే. పక్కింటి సుశీలమ్మ మొగుడి మెడనొప్పి మోస్తుంది, ఎదురింటామె మామ మోకాళ్లు మోస్తుంది. ఆడవాళ్ల నొప్పులు ఎవరు మోస్తారని ఎవరూ అడగలేదు. అది అడగాల్సిన మాటని కూడా ఎవరికీ తోచలేదు.

సాయంత్రం మగ్గం దిగినాక పోగు తెంపాలి. తెంపితే నొప్పి తన మనిషి దగ్గరికి తిరిగి పోతుంది. దిల్షాద్ తెంపలేదు. మొదట ఒక పెండ్లిచీర గడువు దగ్గరపడిందని ఆగింది, తర్వాత ఇంకో చీర. మగ్గం మీద పాత పడుగు కొసలు కోసి పారెయ్యరు కదా, వాటికే కొత్త పడుగు అతుకుతారు. నొప్పిని కూడా వాళ్లు అట్లే నడిపించినారు. తొమ్మిదేండ్లకు ఆమె మణికట్టు మీద పోగులు గాజంత లావయినాయి. ఆమె నడుము వంగిపోయింది.

2007 వేసవిలో గోరంట్లకు పెండ్లికి పోతూ పెనుకొండ బస్టాండులో దిగినారు. ముస్తాక్ నాలుగడుగులు వేసినాడో లేదో, అక్కడ చెరుకురసం బండి పెట్టుకున్న సంజీవప్ప నవ్వినాడు.

"ఏమప్పా, చెప్పు ఆడ ఇడిసొస్తివే. కాలు కాలడంలే?"

ముస్తాక్ కిందికి చూసుకున్నాడు. ఎడమపాదం మండే నేల మీద ఉంది. చెప్పు జారింది అతనికి తెలీదు. పాదం ఎత్తి చూస్తే అప్పటికే బొబ్బ లేచింది. అదీ తెలీదు. నొప్పి దిల్షాద్ దగ్గర ఉంది గానీ ఆ పాదంలో స్పర్శ ఇద్దరి దగ్గరా లేదు.

పెండ్లికి పోయేది మానుకొని హిందూపురం పోయినారు. ఒక చిన్న నర్సింగ్‌హోములో వెన్ను డాక్టరు ఉమాదేవి స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి చూసింది.

"పూసల మధ్య దిండు పగిలి నరాన్ని నొక్కుతాండాది. నొప్పి ఎన్నేండ్ల నుంచి?"

"నాకు నొప్పి లేదు మేడమ్."

డాక్టరు దిల్షాద్ మణికట్టు వైపు చూసింది. డాక్టరుది మడకశిర, ఈ పోగుల సంగతి ఆ పక్కనా ఉన్నదే. అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు.

"ఎన్నేండ్లమ్మా?"

"తొమ్మిది."

"నొప్పి ఆయన దగ్గరే ఉండింటే ఎప్పుడో నా దగ్గరికి వచ్చుండేవాడు."

దిల్షాద్ మణికట్టును కొంగు కింద దాచుకుంది. "మేలే చేస్తాండా అనుకుంటి మేడమ్."

"నీ తప్పు లేదని చెప్పను. నీ ఒక్కదానిదే కాదని చెప్తా."

తర్వాత ఆపరేషన్ సంగతి చెప్పింది. వీపు పెద్దగా కోసేది లేదు. పెన్సిలంత గొట్టం, దాని కొసకు కెమెరా. మత్తు చర్మం వరకే, మనిషి మెలకువగా ఉండాలి. గొట్టం నరానికి తగిలితే కాల్లోకి మెరుపులాంటి నొప్పి దిగుతుంది. ఆ క్షణమే చెప్పాలి.

"చెప్పకపోతే?" అన్నాడు ముస్తాక్.

"నరం దెబ్బ తింటుంది. పాదం మళ్లీ లేవదు."

పాదం లేవకపోతే మగ్గం తొక్కలేడు.

దిల్షాద్ పోగు తెంపబోయింది. తెగలేదు. ముస్తాక్ పండ్లతో లాగినాడు. డాక్టరు కత్తెర తెచ్చింది, కత్తెర వాదర పోయింది.

"అతుకు ముదిరిపోయింది," అనింది డాక్టరు. "సరే, నువ్వూ లోపలికి రా."

మరునాడు ముస్తాక్ బల్ల మీద బోర్లా పడుకున్నాడు. ఆకుపచ్చ గౌను తొడుక్కొని దిల్షాద్ అతని తల దగ్గర స్టూలు మీద కూర్చుంది. గొట్టం వీపు పక్కనుంచి లోపలికి దిగింది.

"నొప్పి ఉందా?" డాక్టరు అలవాటుగా అతన్నే అడిగింది.

"లేదు మేడమ్."

"ఉండాది," అనింది దిల్షాద్. "ఎడమ పిక్కలో."

డాక్టరు చెయ్యి ఆగింది, గొట్టం వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది. అప్పటినుంచి ఆమె అతన్ని అడగలేదు.

"ఇప్పుడు?"

"మడమలోకి దిగుతాండాది. కాల్చిన కమ్మీ దూసినట్టు."

"ఇప్పుడు?"

"తగ్గె. రోజూ పొయ్యికాడ వంగినప్పుడు ఉండేదే ఇది. దీనికి నేను అరవను, మీరు కానీండి."

ముస్తాక్ ముఖం బల్లకు ఆనించుకొని వింటున్నాడు. తన నొప్పి ఎట్లా ఉంటుందో అతను వినడం అదే మొదలు. తొమ్మిదేండ్లలో ఒక్కనాడూ అడగలేదు.

డాక్టరు తెల్లటి పీచుముక్క ఒకటి బయటికి లాగింది. శనగపప్పు బ్యాడంత ఉంది. దిల్షాద్ మణికట్టు మీది పోగులు వాటంతటవే విడిపోయి ఒళ్లో రాలినాయి. ఆమె లేచి నిలబడింది. నిలబడుతూనే ఉంది, నడుము ఇంకా ఇంకా పైకి లేస్తూనే ఉంది. ఆమె పొడుగు మనిషని ముస్తాక్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

మూడోనాడు ఇంటికి పోతూ పెనుకొండలో దిగినారు. ముస్తాక్ కావాలనే ఎడమకాలి చెప్పు విడిచి పాదం నేలకు ఆనించినాడు.

"ఏమప్పా, మళ్లీ ఇడిసినావే?" అన్నాడు సంజీవప్ప.

ముస్తాక్ పాదం తియ్యలేదు. కొంచెం సేపటికి అతని కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"కాలుతాండాది, దిల్షాద్."

ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది. బూడిద అద్దుకునే రెండు వేళ్లూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

ముస్తాక్ తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు. ఇది నాది."

దిల్షాద్ ఆ రెండు వేళ్లనూ కాసేపు చూసుకొని, చెయ్యి దించింది.

"అయితే చెప్పు తొడుక్కో," అనింది.