బ్రేకులకేం కాలేదు

పెళ్లయిన కొత్తలో ఏ భార్యకైనా పొద్దున్నే మొగుడి ఛాతీ మీద బనియన్ కొక్కేలు పెట్టే పని పడుతుందో లేదో గానీ, ఆమెకు మాత్రం రోజు దానితోనే మొదలవుతోంది.

"ఊపిరి బిగబట్టు."

"బిగబట్టే ఉన్నా. వదిలితే నువ్వెళ్లి గోడకి తగుల్తావ్."

నవ్వొచ్చి కొక్కెం చేతిలోంచి జారిపోయింది. పని మళ్లీ మొదటికొచ్చింది. అలా జారిపోవడం కూడా ఆమెకు ఇష్టంగానే ఉంది.

అతను బైకు మెకానిక్. అన్నతో కలిసి షెడ్డు నడుపుతాడు. బడిలో ఉండగానే ఛాతీ ఎత్తుగా పెరిగిందని తోటివాళ్లు ఏడిపిస్తే, మండుటెండలో కూడా రెండు చొక్కాలు తొడుక్కుని, భుజాలు ముందుకు వంచి నడవడం అలవాటు చేసుకున్నాడు. పెళ్లయ్యాక కూడా లైటు తీసేశాకే చొక్కా విప్పేవాడు.

"నువ్వెలా ఉన్నా నాకిష్టమే" అందామె.

"నాకిష్టం లేదుగా" అన్నాడు.

ఇద్దరూ కలిసే డాక్టరు దగ్గరికి వెళ్లారు. పరీక్షలన్నీ అయ్యాక లైపోసక్షన్ చేసి ఛాతీలో కొవ్వు తీశారు, వాపు తగ్గేదాకా వేసుకోమని కొక్కేలున్న బిగుతు బనియన్ ఇచ్చారు.

ఇంటికొచ్చిన రోజు కోతల్లోంచి గులాబీరంగు నీరు కారి దుప్పటి తడిసింది. "మొదట్లో అలా కారుతుంది, భయపడకండి. జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా, ఒక్క వైపే బాగా ఉబ్బినా మాత్రం వెంటనే ఫోన్ చేయండి" అని డాక్టరమ్మ ముందే చెప్పిన మాట గుర్తు తెచ్చుకుని, ఆమె ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ బయటికి లాగింది. కమిలిన చోట వంకాయ రంగు మెల్లగా ఆకుపచ్చకీ, తర్వాత పసుపుకీ తిరిగింది. పొద్దున్నే ఆ రోజు రంగేమిటో ప్రకటించడం ఆమెకో సరదా. చర్మం మొద్దుబారి, ఉండుండి చీమలు పాకినట్టుందనేవాడు. వరండాలో అటూ ఇటూ నడిచేవాడు. బరువుల జోలికి పోకూడదు.

అన్నిటికంటే వాపే ఎక్కువ బాధపెట్టింది. ఛాతీ మునుపటికన్నా పెద్దగా కనిపించేసరికి అద్దం ముందు అతని మొహం వాడిపోయింది.

"అసలు ఆకారం తేలడానికి నెలలు పడుతుందన్నారుగా" అందామె.

"అప్పటిదాకా ఈ బిగుతు బనియన్‌తోనే కాపురం."

"చేసుకో. నాకంటే అదే నిన్ను గట్టిగా పట్టుకుంది."

బావగారు మాత్రం వీధి వీధంతా వేరే కథ చెప్పుకొచ్చారు. తమ్ముడు బండి మీంచి పడ్డాడట, పక్కటెముకలు చిట్లాయట, ఆ బనియన్ వాటికి వేసిన కట్టట. "మగాడు కొవ్వు తీయించుకున్నాడంటే నలుగురిలో తలెత్తుకోగలమా?" అన్నారు. కూర్చుని చేసే చిన్నచిన్న పనులకు డాక్టరమ్మ ఒప్పుకున్నాక షెడ్డుకెళ్లినప్పుడు, అన్న చెప్పినట్టే అతను పైన మందపాటి కోటు తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె క్యారేజీ పట్టుకెళ్లేసరికి, ఎప్పుడూ వచ్చే కొరియర్ అతను బండి తాళం చేతిలోనే తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోకన్నా. మీ తమ్ముడి బండికే బ్రేకులు పడకపోతే నా బండి మీకెలా అప్పజెప్పను?"

"బ్రేకులని నేనెప్పుడన్నాను?" అన్నారు బావగారు.

"పడ్డాడన్నావుగా. మెకానిక్ ఊరికే ఎందుకు పడతాడు?"

"కుక్క అడ్డొచ్చింది."

"మొన్న ఇసుకన్నావ్."

బావగారు పానా తుడవడం మొదలుపెట్టారు. మూల స్టూలు మీద అతను తల వంచుకుని కార్బురేటర్ కడుగుతున్నాడు. ఆమె అతని భుజాలకేసి చూసింది. మళ్లీ ముందుకు వంగాయి. ఇప్పుడు గానీ ఊరుకున్నాడా, ఎంత కొవ్వు తీసినా ఆ భుజాలిక లేవవు. అసలు సంగతి తానే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గానీ, చెప్పాల్సింది తను కాదని ఆపుకుంది.

అతను కార్బురేటర్ కింద పెట్టాడు. లేచి కోటు గుండీలు విప్పాడు.

"ఒరేయ్, ఏం చేస్తున్నావ్?" అన్నారు బావగారు.

"బ్రేకులకేం కాలేదు" అన్నాడతను కొరియర్ అతనితో. "నేను పడనే లేదు. ఛాతీలో కొవ్వుంటే ఆపరేషన్ చేయించుకున్నా. ఈ బనియన్ దానికే. వాపింకా తగ్గలేదు. నవ్వాలంటే నవ్వుకో, కానీ తాళం ఇచ్చి నవ్వు."

కొరియర్ అతను నవ్వాడు. బాగానే నవ్వాడు. ఆమె మొగుడి చెవులు ఎర్రబడ్డాయి గానీ భుజాలు మాత్రం వంగలేదు. చాచిన చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు. నవ్వుతూనే కొరియర్ అతను తాళం ఆ చేతిలో పెట్టాడు.

"సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది" అన్నారు బావగారు.

"తెలియనివ్వండి బావగారూ. కుక్కనీ ఇసుకనీ గుర్తుపెట్టుకోవడం కన్నా తేలిక" అందామె, క్యారేజీ బల్ల మీద పెడుతూ.

అతను కోటు మేకుకి తగిలించి ఫ్యాను కిందికొచ్చాడు.

"పై కొక్కెం ఊడింది. పెట్టు."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"అయితే ఊపిరి బిగబట్టు."

"ఇక్కడ మాత్రం బిగబట్టను. అలాగే పెట్టు."

షెడ్డు నడిబొడ్డున, వీధి కేసి నిటారుగా నిలబడ్డ మొగుడికి ఆమె కొక్కెం పెట్టింది. ఈసారి జారలేదు.