ఎడమచేతి అగ్గిపుల్ల

పాలకుర్తి దగ్గరి ఆ ఊళ్లో మొండయ్యను చాటుగా మూగోడు అనేవాళ్లు. పక్కచేనువాడు గట్టు జరిపి దున్నినా, మిర్చి కాంటాలో మోసం జరిగినా, కళ్లారా చూస్తాడే గాని పల్లెత్తు మాట అనడు. ఆ నోరు తెరుచుకునేది ఒక్క అక్క ముందరే. అదీ సినిమా చూసొచ్చిన మర్నాడు.

అక్క సమ్మమ్మకు ఇరవై ఏళ్ల కింద అమ్మవారు పోసి చూపు పోయింది. మగడు అంతకుముందే పోయాడు. ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే. మిరపకాయల తొడిమలు తడిమి తీస్తూ ఆమె సినిమా వింటుంది. హత్య ఉన్న సినిమాలే వింటుంది. ఏడుపు సినిమా అంటే, "ఏడ్సుడు నాకు కొత్తనారా?" అని కసురుతుంది.

వాళ్లిద్దరికీ ఒక పద్ధతి ఉంది. హంతకుడు దొరికే సీను దాకా చెప్పి, మొండయ్య ఎడ్లకు మేత వేయడానికి లేస్తాడు. తిరిగొచ్చేసరికి హంతకుడెవరో సమ్మమ్మ చెప్పాలి. డేరా టాకీసు రోజుల నుంచి పద్నాలుగేళ్లుగా ఆమె ఒక్కసారీ తప్పలేదు. అందుకే మొండయ్య సినిమాను చేనులో పురుగు వెతికినట్టు చూస్తాడు. ఎవరు ఏ తలుపు నుంచి వచ్చారు, ఎవరి చెప్పుకు బురద ఉంది, అన్నీ మోసుకొచ్చి అక్క ముందర కుమ్మరిస్తాడు.

ఆ పాత సినిమాల్లో హంతకుడు రెండో రీలు నుంచి కళ్ల ముందరే తిరిగేవాడు. నవ్వేవాడు, కాఫీ తాగేవాడు, పోలీసులకు దారి కూడా చూపేవాడు. తెర మీద ఒక తలుపు కిర్రుమంటే డేరాలో పల్లీలు నమిలేవాడి దవడ ఆగిపోయేది. చివరికి సంగతి బయటపడితే, అరె, మనకు ముందే చూపించారు గదా అని నెత్తి కొట్టుకుంటూ ఇంటికి నడిచేవాళ్లు.

కొత్తవి చూస్తే మొండయ్యకు ఒళ్లు మండుతుంది. శవం చల్లారకముందే పాట. పాట కాగానే అద్దాలు పగులుడు, మోటారు సైకిళ్లు గాల్లో లేచుడు. ఇప్పుడు భయపడండి అని చెవిలో కొట్టి చెప్పినట్టు ఒకటే వాయింపు. ఇంటికొచ్చి ఏం చెప్పాలి?

"కొట్టుకున్నరు."

"ఎందుకురా?"

"ఏమో."

"తర్వాత?"

"మళ్ల కొట్టుకున్నరు."

"నోటితోని చెప్పరాని కత గూడ ఒక కతేనా తమ్మీ!"

ఎనభై నాలుగులో, ఎండలు ముదరకముందు, మొండయ్య ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి వరంగల్‌లో మ్యాట్నీకి పోయాడు. పోస్టరు మీద కత్తి ఉంది. మర్నాడు అక్క ముందు కూర్చున్నాడు.

"చీకట్ల ముసుగోడు అచ్చిండక్కా. మొకం కనబడలే. ఎడమ చేత్తోని అగ్గిపుల్ల గీసి బీరువ ఎతికిండు. సేటు లేసిండు. ముసుగోడు కత్తి దించిండు."

సేటు ఇంట్లో భార్య, బామ్మర్ది, డ్రైవర్. ఫైట్లు వదిలేసి మిగతాదంతా చెప్పి, ఎడ్లకు మేత వేసి వచ్చాడు.

"బామ్మర్ది," అంది సమ్మమ్మ. "ఆస్తి ఆనికే గద అచ్చేది."

"కాదు. డ్రైవర్."

తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. "డ్రైవరా? ఆనికి సేటు మీద ఏం పగ?"

"ఏమో. చెప్పకముందే పోలీసోళ్లు కాల్సిండ్రు."

"కండ్లు పోతే పోయినయనుకున్న. ఇగ బుర్ర గూడ పోతాంది," అంది.

ఊళ్లో ఏది పోయినా ఆడవాళ్లు ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. నాలుగు ప్రశ్నలు అడిగి, వస్తువు ఎక్కడుందో చెప్పేది. ఆ వారం పక్కింటి కట్టమ్మ ముక్కుపుల్ల పోయిందని వస్తే, "నన్నడుగకు, నాకేం తెలువది," అని గోడవైపు తిరిగింది. మొండయ్య గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు. పద్నాలుగేళ్ల తెలివిని ఒక పనికిమాలిన సినిమా మింగేసింది. లేక తనే కన్ను ఎక్కడైనా పక్కకు తిప్పాడా?

మర్నాడు మళ్లీ వరంగల్ బస్సెక్కాడు. అదే సినిమాను రెప్ప వేయకుండా చూశాడు. డ్రైవర్ రోడ్డు పక్క టీ హోటల్ ముందు కారు ఆపాడు. టక్కుమని తెర మీద బొమ్మ ఎగిరింది. డ్రైవర్ మళ్లీ కారులో ఉన్నాడు. నోట్లో వెలుగుతున్న బీడీ ఉంది.

బీడీ ఎక్కడిది? మొదటిసారీ బొమ్మ ఇక్కడే ఎగిరింది. అప్పుడు ముందు బెంచీల్లో ఇద్దరు ఈల వేసి ఊరుకున్నారు. మొండయ్య అదీ చేయలేదు.

ఆట విడిచాక వెనక మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి పోయాడు. ఆపరేటర్ మహమూద్ రీలు చుడుతున్నాడు.

"టీ హోటల్ సీను ఏది?"

"ఏం సీను కాకా? జర బయటికి నడువు."

"ఆనికి బీడీ ఎట్లచ్చింది?"

మహమూద్ చుట్టడం ఆపి అతణ్ని ఎగాదిగా చూశాడు. "నెల రోజులాయె సినిమా పడి. ఇది అడిగినోడివి నువ్వొక్కడివే." రేకు డబ్బా తెరిచి ఒక రీలు ముక్క తీసి, కిటికీ వెలుగులో పట్టి చూపించాడు. "రోజుకు నాలుగు ఆటలు పడాలె. టైం సాలదు. మ్యానేజర్ కోయమన్నడు, కోసిన."

"గా ఫైట్లు కోయరాదా?"

"ఫైటు కోస్తే కుర్చీలు ఇరగ్గొడ్తరు కాకా! మాటలు కోస్తే ఎవడడుగుతడు?"

మొండయ్య ఆ సీనులో మాటలేమిటో మహమూద్ చెబితే విని, మెట్లు దిగి మ్యానేజర్ గది ముందు నుంచే, ఆగకుండా బస్టాండుకు పోయాడు.

ఇంటికి రాగానే అక్క ముందు చతికిలబడ్డాడు.

"సీను కోసిండ్రక్కా! ఆడ బొమ్మ టక్కున ఎగురుతది. డ్రైవర్ టీ హోటల్ల ఆగుతడు. మా నాయిన సేటు మిల్లుల నలిగి సచ్చిండు, పీనుగను గూడ ఇయ్యలే అని హోటలాయనకు చెప్తడు. బీడీ ముట్టిస్తడు."

"ఏ చేత్తోని?"

మొండయ్య కళ్లు మూసుకుని కిటికీ వెలుగులో ముక్కను గుర్తు చేసుకున్నాడు. "ఎడమ."

"మరి ముసుగోడు అగ్గిపుల్ల గీసింది గూడ ఎడమ చేత్తోనే అంటివి గద!" సమ్మమ్మ చేట మీద చరిచింది. మిరపకాయలు ఎగిరి పడ్డాయి. "నా బుర్రకేం కాలే! గీ ముక్క నా చెవుల పడుంటే నువ్వు మేతకు లేవకముందే చెప్పెదాన్ని!"

ఆ మాట మొండయ్యకే గుర్తు లేదు. అక్కకు ఉంది.

"పో, ఎడ్లకు మేతేసి రా," అంది.

"ఇంకేమున్నదక్కా? డ్రైవరని తెలిసె గద."

"సేటును సంపినోడు తెలిసిండు. సీనును సంపినోడు తెలువాలె. పోయిరా."

వచ్చేసరికి ఆమె నిటారుగా కూర్చుని ఉంది.

"మొదటిసారి గూడ బొమ్మ ఎగిరిందా?"

"ఎగిరింది."

"ఎవలన్న లేసి అడిగిండ్రా?"

"ఇద్దరు ఈలేసిండ్రు."

"నువ్వు?"

మొండయ్య కింద పడిన మిరపకాయలు ఏరసాగాడు.

"ఇయ్యాల మ్యానేజర్‌ను అడిగినవా?"

ఇంకో మిరపకాయ ఏరి చేటలో వేశాడు.

"కుర్చీలిరగ్గొట్టెటోళ్లకు భయపడి ఫైట్లు కోస్తలేరు. నీ అసోంటోడు టికెటు కొని, సూసి, మూగోని లెక్క లేసి అస్తడని మాటలు కోస్తాండ్రు. మ్యానేజర్ కాదు, ఆపరేటర్ కాదు. నువ్వేరా! ఇన్ని దినాలు నన్ను పిచ్చిదాన్ని జేసింది నువ్వే!"

బస్సులో దారి పొడుగునా మ్యానేజర్ మీద నూరుకున్న కోపం మొండయ్యకు తన మీదికే తిరిగింది. తువ్వాల తీసి దులిపాడు. మళ్లీ దులిపాడు.

"రేపు నువ్వు గూడ రా," అన్నాడు.

"నాకేం కనబడ్తది?"

"బొమ్మ ఎగిరినప్పుడు మాట తెగుడు నీకు ఇనబడ్తది. నువ్వు చెయ్యి నొక్కు. నేను లేసి గట్టిగ ఒర్రుత."

"నువ్వా?"

"నేనే. సీను ఎయ్యకపోతే ఆడ్నే నిలబడి, అందరు ఇనేటట్టు మొత్తం చెప్త."

సమ్మమ్మ చేటను పక్కకు నెట్టింది.

"పొద్దుగాల బస్సు ఎన్నింటికిరా?"