ముందొచ్చిన మాట

తెనాలిలో పెద్దమనిషెవరైనా పోతే, పాడె కట్టేవాళ్ళ తరవాత కబురు వెళ్ళేది రంగనాయకులికేనని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. అందులో అబద్ధమేమీ లేదు. తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం అతనికి అన్నం పెట్టింది గానీ, పేరు తెచ్చిపెట్టినవి సంతాప సభలే. రేపల్లె వాళ్ళయితే రైల్లో మనిషిని పంపి మరీ పిలిపించుకునేవారు. పోయినాయన బతికున్నన్నాళ్ళూ ఎవరితోనూ మంచిగా మాట్లాడి ఎరగనివాడే అయినా సరే, రంగనాయకులు మైకు ముందు ఒక్క క్షణం ఆగి, "కీర్తిశేషులు" అని, ఆ తరవాత నిండుగా పేరు చెప్పేసరికి, పలకరింపుల్లేని దాయాదులు కూడా కళ్ళొత్తుకునేవారు.

ఆ విద్య పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టుకతో వచ్చింది గొంతొక్కటే. బాపట్ల దగ్గర సముద్రపొడ్డు పల్లె వాళ్ళది. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి కేకేస్తే నడిసముద్రంలో పడవ మీదున్న నాన్న తలతిప్పి చూసేవాడట. ఆ కేకతోనే బాపట్ల వచ్చి హైస్కూల్లో చేరాడు. తెలుగు మాస్టారు గురునాథం గారు మొదటిరోజు పద్యం చదవమంటే చదివాడు. ఎవరో ఎవర్నో కొట్టేస్తున్నారనుకుని పక్క క్లాసు మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"గొంతు దేవుడిచ్చాడు, బాగానే ఉంది. ఆగడం నేను నేర్పుతాన్రా," అన్నారు గురునాథం మాస్టారు.

అన్నట్టే నేర్పారు. బడి వదిలాక ఖాళీ హాల్లో అతన్ని వేదికెక్కించి, తాను వెళ్ళి ఆఖరి వరసలో గోడవారగా కూర్చునేవారు. కుర్చీల చప్పుడు సద్దుమణిగేదాకా నోరు విప్పకు. ముందు వరస పెద్దల మొహాలు చూసి మాట్లాడకు, వెనక చోటు దొరక్క నిలబడ్డవాడితో మాట్లాడు. పేరు చెప్పేముందు నిండా ఊపిరి తీసుకో, పేరు మధ్యలో ఊపిరి తెగితే ఆ మనిషిని అవమానించినట్టే. అన్నిటికన్నా ముఖ్యం, ఎంత దుఃఖం ముంచుకొచ్చినా నువ్వు ఏడవకు. నువ్వు ఏడిస్తే జనం నీ మీద జాలిపడి, నువ్వు చెప్పే సంగతి వదిలేస్తారు. ఇవీ ఆయన పాఠాలు. శిష్యుడి గొంతు కాస్త తగ్గిందా, వెనకనుంచి ఒకటే మాట వచ్చేది: "వినపడట్లేదండీ." మామూలప్పుడు 'ఒరే' అని పిలిచే మనిషి, ఆ కుర్చీలో కూర్చుంటే మాత్రం 'అండీ' అనేవారు. సభలో జనం అలాగే అంటారు గదరా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో అనేవారు.

పాఠమయ్యాక ఇంటికి తీసుకెళ్తే, భార్య వీరరాఘవమ్మ గారు అన్నం పెట్టేవారు. పిల్లల్లేని ఇల్లది. రోజూ చేపలు తినే పిల్లాడికి వట్టి పప్పన్నం ఎలా సయిస్తుందోనని, అడక్కుండానే ఇంకాస్త నెయ్యి వేసేవారు. రంగనాయకులు ఉద్యోగానికి తెనాలి వెళ్ళాక కూడా ఆ ఇంటికి రాకపోకలు మానలేదు. పెద్దవాడయ్యాడని ఆవిడ నెయ్యీ తగ్గించలేదు.

డెబ్భైరెండులో మాస్టారు రిటైరయ్యారు. అప్పటికే గుండెజబ్బు పట్టుకుంది. పాత విద్యార్థులంతా కలిసి అదే హాల్లో సన్మానం ఏర్పాటు చేశారు. ఆయన గురించి మాట్లాడవలసింది ఎవరో ఎవరూ ఆలోచించలేదు, రంగనాయకులే. అంతకు ముందురోజే రేపల్లెలో ఒక సంతాప సభ ముగించుకుని, అట్నుంచటే బాపట్ల వచ్చాడు. బతికున్న మనిషి గురించి మాట్లాడి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

లేచాడు. కుర్చీల చప్పుడు ఆగేదాకా ఆగాడు. వెనక వరస వైపు చూశాడు. నిండా ఊపిరి తీసుకున్నాడు. అన్నీ మాస్టారు నేర్పినట్టే చేశాడు.

"కీర్తిశేషులు గురునాథం మాస్టారు గారు..."

నాలుక కరుచుకున్నాడు గానీ, జారిన మాట అప్పటికే గోడల దాకా వెళ్ళిపోయింది. హాలు బిగుసుకుపోయింది. ఎక్కడో ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. అందరికన్నా ముందు తేరుకుంది మాస్టారే. శాలువా సర్దుకుంటూ మైకు దగ్గరికి వంగి, "కాస్త ఆగరా నాయనా. నీకు నేర్పిందే ఆగడం గదా," అన్నారు. హాలంతా నవ్వులు, చప్పట్లు. రంగనాయకులు మాత్రం ఆడవాళ్ళ వైపే చూస్తున్నాడు. వీరరాఘవమ్మ గారు లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచారు.

మర్నాడు పళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"అమ్మగారూ, అలవాటులో నోరు జారిందండి."

"తెలుసు నాయనా. నువ్వేమన్నా జనం నమ్ముతారని ఆయన మురిసిపోయేవారు," అన్నారు నెమ్మదిగా. "దేవుడు కూడా నమ్మితే నేనేమైపోవాలి? ఇక ఇటు రాకు."

తిట్టినా బాగుండేది. రంగనాయకులు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆదివారాలు బాపట్ల స్టేషన్లో దిగేవాడు, వీధి మొదటిదాకా నడిచేవాడు, తలుపు వైపు చూసి తిరుగు రైలెక్కేవాడు. 'పోనీలేరా' అని మాస్టారి నోట ఒక్కసారి వింటే చాలనుకున్నాడు. గొంతు బాగోలేదని చెప్పి సంతాప సభలన్నీ మానేశాడు. అంత గొంతుకీ జబ్బేంటని తెనాలి జనం ఆశ్చర్యపోయారు. ఆ వేసవిలో మాస్టారు పోయారు. ఆ కబురు అతనికి ఎవరూ పంపలేదు, ఆఫీసులో ఎవరో మాటల్లో అంటే తెలిసింది.

పెద్దకర్మ అయ్యాక మళ్ళీ అదే హాల్లో సంతాప సభ. రంగనాయకులు ఎవరి కంటా పడకుండా వెళ్ళి ఆఖరి వరసలో, గోడవారగా మాస్టారు కూర్చునే చోటే కూర్చున్నాడు. వేదిక మీద ఒకాయన గురునాథం గారి పేరుతో మొదలెట్టి తన గొప్పలు చెప్పుకున్నాడు. ఇంకొకాయన కాగితం చూసి చదువుతూ, మాస్టారి పేరు మధ్యలో ఊపిరి తెగి దగ్గాడు. రంగనాయకులు కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి ఎదురుగా వీరరాఘవమ్మ గారు. వరసలన్నీ దాటుకుని నడిచొచ్చారు. అతను దిగ్గున లేచి నిలబడ్డాడు.

"రోజూ అడిగేవారు, రంగనాయకులు రాలేదా అని. ఆఫీసు పని మీద క్యాంపులో ఉన్నాడని చెప్పేదాన్ని," అన్నారావిడ. "ఆఖరి రోజూ అదే చెప్పాను. నమ్మారు."

వీధి మొదట్లోంచి వెనుదిరిగిన ఆదివారాలన్నీ అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"వెళ్ళి మాట్లాడు నాయనా. ఆ మాట ఇవాళ తప్పు కాదు." ఆవిడ వేదిక వైపు చూశారు. "అందరూ అంటున్నారు గానీ నాకే నమ్మబుద్ధి కావట్లేదు. పొద్దున్నే ఇంకా రెండు గ్లాసులు కాఫీ కలుపుతున్నాను. నువ్వంటే నమ్ముతాను."

వేదికెక్కాడు. కుర్చీల చప్పుడు ఆగింది. ఊపిరి తీసుకున్నాడు, అది గొంతు దాటి రానంది. పెదవులు కదిలాయి. పడవల్ని పలకరించిన గొంతు ముందు వరస దాకా కూడా పోలేదు. ఎన్ని సభల్లో ఎంతమంది గురించి అన్న మాటో అది, ఈ ఒక్కరి గురించి అనడానికి మనసొప్పలేదు. మైకు కడ్డీ పట్టుకుని తల దించుకున్నాడు.

"వినపడట్లేదండీ."

ఆఖరి వరసలోంచి, గోడవారగా. ఆలస్యంగా వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నవాడెవరో, పాపం, ఏమీ తెలియనివాడు.

రంగనాయకులు తల ఎత్తాడు. వీపు నిటారైంది. చిన్నప్పటినుంచీ ఆ మాటకి అతను ఇచ్చిన జవాబు ఒక్కటే. ఇప్పుడూ మనసుని అడక్కుండానే ఊపిరి నిండింది, గొంతు లేచింది.

"కీర్తిశేషులు గురునాథం మాస్టారు గారు."

వరండాలో నిలబడ్డవాళ్ళకి కూడా వినపడింది. పేరు మధ్యలో ఎక్కడా తెగలేదు. ఆడవాళ్ళ వరసలో వీరరాఘవమ్మ గారు అవునన్నట్టు తలాడించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన పోయాక మొదటిసారి బావురుమన్నారు. రంగనాయకులు తరవాతి వాక్యం చెప్పలేదు. మాస్టారు ఏడవద్దన్న చోటే నిలబడి, మైకు ముందే ఏడ్చాడు.