ప్రేమమ్మ నీడ

కర్నూలు దాటాక హైవే పక్కనున్న నీళ్ళ పార్కులో, మే నెల వచ్చిందంటే పొద్దున పదింటికే గచ్చు కాలిపోతుంది. వచ్చేవాళ్ళు తెలివైనవాళ్ళే. జేబులో ఉల్లిగడ్డ, తలమీద తడి తువ్వాలు, సీసాల నిండా మజ్జిగ. ఎంత తెచ్చుకున్నా పెద్ద జారుడుబండ ఎక్కాలంటే ముప్పావుగంట వరుసలో నిలబడక తప్పదు. ఆ వరుస మీద ప్రేమమ్మ నీడ పడుతుంది.

ప్రేమమ్మ అక్కడ ఊడ్చే పనికి చేరింది. నెల తిరక్కముందే చేతిలో చీపురు తీసేసి, నీలం యూనిఫాం ఇచ్చి, వరుస పక్కన నిలబెట్టారు. ఆమె నీడ మిట్టమధ్యాహ్నం కూడా పొట్టిది కాదు. నలభై మంది పట్టేంత పొడుగు, నీళ్ళ కడవ కింద ఇసకంత చల్లన. జనం అందులో నిలబడి సెల్‌ఫోన్లు చూసుకుంటారు. పిల్లలు ఎండలోకి కాలు పెడితే తల్లులు కసురుతారు గానీ, ఆమె వైపు చూడరు. పందిరి గుంజ వైపు ఎవరు చూస్తారు గనక!

ఆ నీడ ఆమెకు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళ కిందట కోసిగి నుంచి గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోయినప్పుడు, చెట్టన్నది లేని చేలో నెలల బిడ్డ క్రిస్టినాను తన నీడలో పడుకోబెట్టి, సాలు జరిగినప్పుడల్లా బిడ్డనూ జరుపుకుంటూ కాయ కోసేది. బిడ్డ ఏడ్చేది కాదు. అది చూసి తక్కిన కూలి తల్లులు కూడా తమ పిల్లల్ని తెచ్చి పడుకోబెట్టారు. ఒక్కో బిడ్డ చేరినకొద్దీ నీడ సాగింది.

ఇప్పుడామెకు యాభై. మోకాళ్ళు వాచాయి, మధ్యాహ్నమైతే కళ్ళు తిరుగుతున్నాయి. ఆమె అడిగేది ఒకటే, ఒక కుర్చీ.

"కూచుంటే నీడ పొట్టిగైతాది కదక్కా," అన్నాడు సూపర్‌వైజర్ ఈరేష్, మర్యాదగానే. "ఈ ఎండాకాలం గడవనీ."

"పోయిన ఎండాకాలమూ ఇదే మాట చెప్తివి కదప్పా. శానా అలిసిపోయినా."

"ఈ ఆదివారం ఒక్కటీ నిలబడక్కా. బస్సుల్లో వస్తాండారు జనం."

డోన్‌లో కాపురముంటున్న క్రిస్టినా రోజూ ఫోన్ చేస్తుంది. "అంతమందికి నీడ ఇస్తాండావు, నువ్వు యాడ నిలబడతాండావుమా?" నీడ ప్రేమమ్మదే అయినా ఒక్కనాడూ ఆమె మీద పడలేదు.

ఆదివారం రెండింటికి ప్రేమమ్మ పడిపోయింది.

ఆమె పడింది గానీ నీడ చిన్నది కాలేదు. మెల్లగా జనం కాళ్ళ కింది నుంచి జరిగింది. నలభై మంది ఒక్కసారి ఎండలో పడ్డారు. తడి కాళ్ళు ఎత్తెత్తి వేస్తూనే నీడకు దారి ఇచ్చారు. అది గచ్చు మీదుగా వచ్చి, మడత మీద మడతగా ఆమెను కప్పింది.

ఈరేష్ మజ్జిగ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, లేస్తావా?"

"కాసేపు ఉండనీప్పా," అంది ప్రేమమ్మ కళ్ళు తెరవకుండానే. "ఇంత సల్లగా ఉంటాదా ఇది! ఎవరూ చెప్పనేలేదే."

ఆమెకు ఏడుపొచ్చింది. పొద్దు వాలేదాకా ఎవరూ లేపలేదు.

సోమవారం నుంచి ఆ నీడ ఇంకెవరి మీదా పడలేదు. ఆమె ఎక్కడుంటే అక్కడ, ఆమె మీదే. ఈరేష్ తల గోక్కుని, గోడౌన్‌లో రెండేళ్ళుగా చుట్ట చుట్టి పడున్న పచ్చ పరదా తెప్పించి వరుస మీద కట్టించాడు. అంతా కలిపి గంట పట్టింది. ప్రేమమ్మను గేటు దగ్గర టికెట్లు చింపే పనికి మార్చి, ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

ఆ సోమవారం మధ్యాహ్నమే కుర్చీలో కూర్చుని ఆమే ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఈ పొద్దు నువ్వే చేస్తాండావు?" అంది క్రిస్టినా.

"మిరప చేలో నువ్వు ఏడ్వకుండా ఎందుకు పండుకునేదానివో, నాకు నిన్న తెలిసింది బిడ్డా."